రూపాయల్లో వచ్చిన మెసేజ్

జూన్ 8, ఆదివారం

బావ నిన్న వెళ్లాడు. ఈ డైరీ జనవరిలో మా ఆఫీసులో ఇచ్చింది. ఇన్నాళ్లూ అత్త దీని మీద ఉప్పు డబ్బా పెట్టుకుంది. మాట్లాడ్డానికి మొగుడు ఇంట్లో లేడు కాబట్టి రాస్తున్నాను. ఆయన వచ్చేలోపు చించేస్తాను.

బ్యాంకాక్‌లో రొయ్యల ఎగుమతి కంపెనీ. కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్ ఉద్యోగం. కుదిర్చింది కంచరపాలెం తాతబాబు. "సేపని సూసి ఎప్పుడు పట్టిందో సెప్పే మడిసికి ఇది కాక ఇంకేటి ఉజ్జోగం" అని మా పెద జాలారిపేట ఇంట్లో కూర్చుని, అత్త పెట్టిన వంజరం పులుసు రెండుసార్లు వేయించుకుని మరీ చెప్పాడు. ఆనందపురం కుర్రాడు సాయిశంకర్‌ని కూడా అతనే పంపాడు. తోడు దొరికాడు కదా అని అత్త ధైర్యం తెచ్చుకుంది.

వెళ్లే ముందు ఇద్దరూ మా కౌంటర్‌కి వచ్చారు. జగదాంబ దగ్గర విదేశీ డబ్బు మార్చే కౌంటర్ మాది. నోట్లు ఎక్కువ తీసుకెళ్లొద్దు, ఎయిర్‌పోర్టులో అసలు మార్చొద్దు, కార్డు పెట్టి అక్కడి ఏటీఎంలో తీసుకోండి అన్నాను. బావకి నా కార్డే ఇచ్చాను. శంకర్ వాళ్లమ్మ కార్డు తెచ్చుకున్నాడు. రెండూ విదేశాల్లో పనిచేసేలా దగ్గరుండి ఆన్ చేయించాను.

"మిషన్‌లో చివర ఒక ప్రశ్న వస్తుంది. అక్కడి డబ్బు బాత్‌లో లెక్క కట్టాలా, మన రూపాయల్లోనా అని. రూపాయల లెక్క చూపించి మురిపిస్తుంది. అది వాడి రేటు. ఒప్పుకున్నారంటే నూటికి పది పన్నెండు పోయినట్టే. వితౌట్ కన్వర్షన్ నొక్కాలి. బ్యాంకు రేటే పడుతుంది."

"రూపాయి కనబడితే సెయ్యి తీసేయాలి. అంతే కదా" అన్నాడు బావ.

శంకర్ చేతి మీద పెన్నుతో రాసుకున్నాడు. బావ నవ్వాడు.

జూన్ 9

ఫోన్ వచ్చింది. ఎండ మన దగ్గరలాగే ఉందట. కూరలో పంచదార వేస్తున్నారట.

జూన్ 10, మంగళవారం

బ్యాంకు మెసేజ్. ఐదువేల రెండొందల ఇరవై బాత్, బ్యాంకాక్. అందులో రెండొందల ఇరవై అక్కడి మిషన్ ఫీజు, అది ఎవరికీ తప్పదు. లెక్క వేసుకున్నాను. సరిగ్గా బ్యాంకు రేటే. మిషన్ ముందు నిలబడి నా మాట తలుచుకున్నాడన్న మాట. కౌంటర్ దగ్గర కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే క్యాషియర్ సీతాలు ఏమైందని అడిగింది. ఏం లేదన్నాను.

జూన్ 14, శనివారం

కంపెనీ ఇంకో ఊళ్లో ఉందట. కారు వచ్చిందట. శంకర్, తను, ఇంకా ఇద్దరు ఎవరో. "ఎల్లేక ఫోన్ సేత్తాను" అన్నాడు. వెనక ఎవరో తొందర చేస్తున్నారు.

జూన్ 15

చెయ్యలేదు.

జూన్ 16, సోమవారం

ఫోన్ రాలేదు గానీ బ్యాంకు మెసేజ్ వచ్చింది. ముప్పై వేల పైచిలుకు. రూపాయల్లో. బాత్ అన్న మాటే లేదు. కింద 'టాక్' అని ఉంది. ఊరి పేరో, దేనికి పొట్టిపేరో.

పదివేల బాత్ తీసుంటాడు. మూడువేల రూపాయలు ఊరికే మిషన్‌కి పోశాడు. పడవకి ఇంజిన్ కొందామని నాలుగేళ్ల నుంచి దాచిన డబ్బు. నేను రోజూ పాతికమందికి చెప్పే మాట, మొగుడికి పది రోజులు గుర్తుండలేదు.

వాట్సాప్‌లో పెట్టాను: "రూపాయలు ఎందుకు నొక్కావు? చెవులు ఇక్కడే వదిలేసి వెళ్లావా? గాడిదకి చెప్పినా ఈపాటికి నేర్చుకునేది."

చూసినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు లేదు. సిగ్గేసి ఉంటుంది.

జూన్ 17, మంగళవారం

మళ్లీ. మళ్లీ రూపాయల్లోనే.

వెనక లైను ఉండి ఉంటుంది. తొందరలో ఏదో ఒకటి నొక్కేసి ఉంటాడు. లేదా అక్కడి మిషన్ వేరే రకమేమో, అడగకుండానే మార్చేస్తుందేమో. అలాంటివి ఉంటాయని విన్నాను. విన్నానా? విన్నాననే అనుకుంటున్నాను.

కొత్త ఊళ్లో మంచం, పరుపు కొనుక్కోవాలి కదా. ఖర్చులుంటాయి.

శంకర్ వాళ్లమ్మ రామలక్ష్మమ్మ ఫోన్ చేసింది. ఆనందపురం పూల మార్కెట్లో బంతిపూలు అమ్ముతుంది. "మా గుంటడు ఫోన్ ఎత్తట్లేదమ్మా. మీ ఆయన గాని మాటాడేడా?" అంది. మాట్లాడాడు, బాగానే ఉన్నారు అన్నాను. ఎందుకలా అన్నానో. ఆమె కంగారు పడకూడదని.

జూన్ 18, బుధవారం

పొద్దున్న ఇంకో మెసేజ్, రూపాయల్లో. దాని వెనకే బావ నంబరు నుంచి వాట్సాప్: "ఇక్కడ అంతా బాగుంది. రేటు కూడా బాగుంది. అకౌంట్‌లో ఇంకో లక్ష వెయ్యి."

దాన్ని చాలాసేపు చూశాను.

బావ నన్ను ఎప్పుడూ డబ్బు వెయ్యమని అడగలేదు. అవసరమైతే వాళ్లమ్మ చేపల బుట్ట మోస్తాడు గానీ అడగడు. ఫోన్ చేస్తే కట్ చేస్తున్నారు. "ఒక్కసారి గొంతు వినిపించు బావా" అని పెట్టాను. "బిజీ" అని వచ్చింది.

టాక్ ఎక్కడుందో అప్పుడు వెతికాను. రెండు రోజుల ముందే వెతకాల్సింది. అది ఒక జిల్లా. బ్యాంకాక్‌కి ఏడెనిమిది గంటల దారి. సముద్రం దరిదాపుల్లో లేదు. పడమర వైపు ఒక ఏరు, అది దాటితే బర్మా.

రొయ్యల కంపెనీ.

మిషన్ ముందు నిలబడుతున్నది మా బావ కాదు.

జూన్ 19, గురువారం

తాతబాబు ఫోన్ స్విచాఫ్. కంచరపాలెం వెళ్తే ఇంటికి తాళం. పక్కింటివాళ్లు తిరుపతి వెళ్లాడన్నారు.

కమిషనర్ ఆఫీసులో సైబర్ విభాగానికి వెళ్లాను. అత్త కూడా వచ్చింది, చేపలమ్మే చీరతోనే. ఎస్సై గారు ఆడమనిషి. నేను చెప్తుంటే మధ్యలో ఆపలేదు. బాత్‌లో వచ్చిన మెసేజ్, రూపాయల్లో వచ్చినవీ పక్కపక్కన పెట్టి చూపించాను.

"ఈ తేడాతో మనిషి మారాడని ఎలా చెప్తున్నారు?"

"మా ఆయన అది నొక్కడండి. నేను నేర్పించాను."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఏరు అవతల పెద్ద పెద్ద కాంపౌండ్లు ఉంటాయట. మనవాళ్లని ఉద్యోగమని తీసుకెళ్లి, ఫోన్లలో జనాన్ని మోసం చేసే పని చేయిస్తారట. చెయ్యనంటే కొడతారట. ఏరు దాటించేశాక బయటికి తేవడం చాలా కష్టం. దాటించే ముందు ఇవతల ఏదో ఇంట్లో కొన్నాళ్లు ఉంచుతారు.

"కార్డు వాడుతున్నారంటే ఇంకా ఇవతలే ఉన్నాడేమో. ఏమో అంటున్నాను, కచ్చితంగా తెలీదు" అంది. మెసేజుల్లో ఉన్న మిషన్ నంబర్లు ఎక్కడివో బ్యాంకు నుంచి కనుక్కుని ఢిల్లీకి, అక్కడి నుంచి బ్యాంకాక్‌లో మన ఎంబసీకి పంపిస్తానంది.

"కార్డు ఆపేయమంటారా?"

"ఆపితే మనకి జాడ తెలీదు. ఆపకపోతే మీ డబ్బు పోతుంది. అది నేను చెప్పే మాట కాదమ్మా."

జూన్ 20, శుక్రవారం

అకౌంట్‌లో పదకొండువేలు మిగిలాయి. రేపటికి అయిపోతాయి. అయిపోతే ఏం చేస్తారు?

అత్తకి చెప్పాను. చేపలు తోముతూ విన్నది.

"ఇంకా డబ్బులేత్తావా ఆ దొంగనాకొడుకులికి?"

"వెయ్యకపోతే దాటించేస్తారేమో అత్తా."

"ఏసినా దాటించేత్తేనో?"

అత్త చేతులు కడుక్కుని లోపలికెళ్లి చేతికేసుకునే బంగారు మురుగులు తీసుకొచ్చింది. ఆమె పెళ్లినాటివి. నా ఒళ్లో పెట్టి మళ్లీ చేపల దగ్గర కూర్చుంది.

"ఎల్లు. బేగి ఎల్లు. బంగారం కొట్టోడు కట్టేత్తాడు."

జూన్ 21

ఒకేసారి వెయ్యకుండా రోజుకి కొంత వేస్తున్నాను. ఆ రోజుకి సరిపడా మాత్రమే ఉంటే రోజూ మిషన్ దగ్గరికి రావాలి వాడు. రోజూ వస్తే ఎక్కడో ఒకచోట కనబడతాడు. బావ నంబరుకి మెసేజ్ పెట్టాను: "నగలు అమ్ముతున్నాను. కొంచెం కొంచెంగా వేస్తాను. కోపం తెచ్చుకోకు." వెంటనే బొటనవేలు బొమ్మ వచ్చింది.

మధ్యాహ్నం డబ్బు తీశారు. రూపాయల్లో. టాక్. మిషన్ నంబరు ఎస్సై గారికి పంపాను.

జూన్ 22

వేశాను. తీశారు. పంపాను.

జూన్ 23, సోమవారం

వేశాను.

ఇవాళ కౌంటర్‌కి ఒక జంట వచ్చింది. హనీమూన్‌కి ఫుకెట్ వెళ్తున్నారు. ఏటీఎంలో డబ్బు ఎలా తియ్యాలి అని ఆ అమ్మాయి అడిగింది. రూపాయల్లో వద్దు అని నొక్కండి, అనవసరంగా నష్టపోతారు అని చెప్తూ మధ్యలోనే లేచి లోపలికి వెళ్లిపోయాను. సీతాలు వచ్చి నా కుర్చీలో కూర్చుంది. మిగతాది తనే చెప్పింది.

సాయంత్రం దాకా మెసేజ్ రాలేదు.

తియ్యలేదు.

జూన్ 24, మంగళవారం

తియ్యలేదు. వేసిన డబ్బు వేసినట్టే ఉంది. రేపు తీసుకుంటారేమో. వానలు పడుతున్నాయట అక్కడ. వానలో బయటికి రాలేదేమో. మొన్నటిదాకా మెసేజ్ వస్తే ఏడ్చేదాన్ని, ఇవాళ రాలేదని ఏడుస్తున్నాను. దొంగ డబ్బు తియ్యాలని పైడితల్లమ్మకి మొక్కుకున్నాను.

జూన్ 25, బుధవారం

పన్నెండు గంటలకి తెలియని నంబరు. ఎంబసీ ఆయన, హిందీలో. అక్కడి పోలీసులు మిషన్ కెమెరాలు చూసి బండి మీద వచ్చినవాణ్ణి సోమవారమే పట్టుకున్నారట. వాడు చూపించిన ఇంట్లో ముగ్గురు దొరికారు. "మీ భర్త పేరు నాగబాబేనా?" అన్నాడు. అవునన్నాను. ఫోన్ బావకి ఇచ్చాడు.

"ధనా."

అంతే. అత్త ఫోన్ లాక్కుని "తిన్నావేటిరా" అంది.

తర్వాత శంకర్ గురించి అడిగాను. "ఆడు మాతో లేడు" అన్నాడు.

జూన్ 26

రామలక్ష్మమ్మకి పోలీసులు చెప్పారట. ఆమె నాకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మూడుసార్లు చేసింది. రేపు మాట్లాడతాను.

జూన్ 27

రేపు.

జూన్ 29, ఆదివారం

బావ వచ్చాడు. చిక్కిపోయాడు. ఎడమ చెవి సరిగ్గా వినబడటం లేదు. అత్త చందువా చేప వేయించి పెడితే రెండు ముక్కలు తిని కంచం ముందే కూర్చున్నాడు.

"ఆడ దిగినెంటనే తెలిసిపోయింది ధనా. సేపల కంపెనీ అన్నారు, ఎక్కడా నీసు వాసన లేదు" అన్నాడు.

ఒక గదిలో నలుగురిని పెట్టి ఫోన్లు, కార్డులు లాక్కున్నారు. పిన్ నంబర్ చెప్పేదాకా కొట్టారు. వాళ్లలో ఒక తెలుగువాడు ఉన్నాడట. మొదటిసారి మిషన్ దగ్గరికి వెళ్లేముందు అతనే వచ్చి బావని అడిగాడు, చివర ఏదో అడుగుద్దంట కదా, ఏది నొక్కాలి అని.

"రూపాయలే నొక్కు, లేపోతే కార్డు మింగేత్తాది అని సెప్పేను."

నాకు అర్థం కాలేదు.

"నీకు తెలియాల కదా. నాను నొక్కనని నీకొక్కదానికే తెలుసు. ఇంకెలగ కబురెట్టను?"

బావ కొంచెం నవ్వాడు, ఇన్నాళ్లకి.

"నువ్వు గాడిదని తిట్టిన మెసేజ్ ఉంది సూడు. ఆ తెలుగోడు అందరికీ సదివి సెప్పేడు. అందరూ నవ్వేరు. నానూ నవ్వేను. ఇది నటిత్తంది, దీనికి తెలిసిపోయింది, ఇంక బయం లేదనుకున్నాను. శంకర్‌కి కూడా అదే సెప్పేను. మా ధనకి తెలిసిపోయిందిరా, రెండ్రోజులు ఓపిక పట్టు అని." కంచం పక్కకి తోశాడు. "బుదారం పొద్దుట ఆణ్ని ఏరు దాటించేత్తామని తీసుకెల్లిపోయేరు. ఆడి కాతాలో పెద్దగా డబ్బుల్లేవని."

"నటించావు కదా?" అన్నాడు.

"ఊఁ" అన్నాను.

జూన్ 30

బావ పడుకునే ఉన్నాడు. నేను కౌంటర్‌కి వెళ్లాను. పని ఉంది. చాలా పని ఉంది.

ఆ సోమవారమే గ్రహించినా పోలీసులు అంత త్వరగా కదిలేవారా? మంగళవారానికి ఎంబసీకి కబురు వెళ్లేదా? వెళ్లినా బుధవారం పొద్దుటికి వాళ్లు ఆ ఇల్లు కనిపెట్టేవారా? వారం పట్టింది కదా మొత్తం. కాబట్టి తేడా ఏమీ ఉండేది కాదు.

తేడా ఉండేది కాదు.

జూలై 1, మంగళవారం

బావ తెల్లారేసరికి తయారైపోయాడు. "ఆనందపురం ఎల్దాం. ఆయమ్మకి నానే సెప్పాల" అన్నాడు. నేను సెలవు దొరకదన్నాను. నా వైపు చూసి, "నువ్వు రాపోతే నాను ఆమి ముందు కూకోలేను" అన్నాడు.

బస్సు దిగేసరికి మార్కెట్ సద్దుమణిగింది. రామలక్ష్మమ్మ ఖాళీ బుట్టలు కడుగుతోంది. నేను ఫోన్‌లో విన్న గొంతుకి ఇంకా పెద్దావిడ అనుకున్నాను. నలభై దాటి ఉండవు. బావని చూడగానే లేచి, అతని చెవి దగ్గర చెయ్యి పెట్టి చూసింది. తర్వాత పక్క కొట్టువాడితో రెండు టీలు చెప్పింది.

బావ అంతా చెప్పాడు. శంకర్‌ని తీసుకెళ్లినప్పుడు ఏ చొక్కా వేసుకున్నాడో అడిగింది. నీలం గళ్లది అన్నాడు. ఆ ముందు రాత్రి ఏం తిన్నాడో అడిగింది. అన్నం, గుడ్డు అన్నాడు. అన్నిటికీ తల ఊపింది.

"రూపాయలు నొక్కమని నువ్వే సెప్పేవా బాబూ. మంచి తెలివి" అంది. నా వైపు తిరిగింది. "నీకు ఎంటనే తెలిసిపోయిందామ్మా?"

బావ నా బదులు జవాబు చెప్పబోయాడు. "సోమారం..."

"లేదు" అన్నాను.

బావ నా వైపు తిరిగాడు.

"లేదమ్మా. సోమవారం నాకేం తెలీలేదు. డబ్బు తగలేశాడని నిజంగానే తిట్టాను. మంగళవారం కూడా మెసేజ్ వచ్చింది. మీరు ఫోన్ చేసినప్పుడు అది నా చేతిలోనే ఉంది. బాగున్నారని మీతో అబద్ధం చెప్పాను. బుధవారం గానీ తెలీలేదు."

టీలు వచ్చాయి. బావ తన గ్లాసు అందుకోలేదు. నా మొహంలోకి కూడా చూడలేదు. మార్కెట్ బయటికి వెళ్లి, లారీల దగ్గర వీపు మా వైపు పెట్టి నిలబడ్డాడు.

రామలక్ష్మమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆమె నన్ను కొడితే బాగుండును అనిపించింది. నడుం దగ్గర సంచిలోంచి బటన్ ఫోన్ తీసి నా ముందు పెట్టింది.

"బేంకు మెసేజులు నాకూ వత్తాయి. కుయ్ మంటాది. నాకు సదవడం రాదు. ఎవులికి సూపించనూ, లోన్ల వోల్లవని అనుకున్నాను. నీకు మూడో రోజుకి తెలిసింది. నాకైతే ఇప్పటికీ తెలీదు. సూడు, ఏటున్నాయో."

తెరిచాను. లోన్ల మెసేజ్‌లు, రీఛార్జ్ మెసేజ్‌లు, వాటి మధ్యలో బ్యాంకువి. పదహారో తేదీ ఒకటి. తర్వాత వారం పైన ఏమీ లేదు. తర్వాత ఇరవై ఆరున ఒకటి. నిన్న ఒకటి. నిన్న తీసింది చిన్న మొత్తం. పూలవాళ్లు ఆమె ఖాతాలో వేసిన డబ్బు.

కింద టాక్ అని ఉంది.

"నిన్న వాడారమ్మా" అన్నాను. "శంకర్ కార్డు నిన్న కూడా వాడారు. ఈ ఏటీఎం ఏరుకి ఇవతలే ఉంది."

"అంటే ఏటమ్మా?"

"తెలీదు. కార్డు వాళ్ల దగ్గరుందని. తీసేవాడు ఇటు వస్తున్నాడని. వాణ్ణి పట్టుకుంటే అడగొచ్చు."

బావని పిలిచాను. మొదటిసారి వినబడలేదు. దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేసి ఫోన్ చూపించాను. చదివాడు. ఇంకోసారి చదివాడు. ఎస్సై గారికి అతనే ఫోన్ చేశాడు, కుడి చెవికి పెట్టుకుని. వెంటనే రమ్మంది. తాతబాబు మీద కేసు కూడా తనే రాసిస్తానని చెప్పాడు. నిన్నటిదాకా మనూరి మనిషి కదా అని అత్త వద్దంటూ ఉంది.

ఆటోలో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. మధ్యలో రామలక్ష్మమ్మ. మారికవలస దాటాక అడిగింది.

"నా కాతాలో నాలుగొందలున్నాయేమో. కార్డు ఆపించెయ్యమంటావా, ఉంచమంటావా?"

"ఉంచండి. ఆపొద్దు."

"డబ్బుల్లేపోతే ఆడు మల్లీ రాడు కదా."

నా అకౌంట్‌లో మురుగుల డబ్బు మిగిలింది. వాళ్లు తియ్యకుండా ఉండిపోయినది. ఫోన్ తీశాను. బావ చూస్తున్నాడని తెలుసు. ఆమె ఖాతా నంబరు కొట్టి, అందులో కొంత పంపాను. మిగతాది రేపటికీ ఎల్లుండికీ.

బావ ఆమె భుజం వెనక నుంచి చెయ్యి చాచి, నా ఒళ్లో ఉన్న బటన్ ఫోన్ తీసుకుని, సౌండ్ పూర్తిగా పెంచి మళ్లీ నా చేతిలో పెట్టాడు.

జూలై 3, గురువారం

పొద్దున్న పదకొండుకి, నా దగ్గరే ఉంచుకున్న రామలక్ష్మమ్మ ఫోన్ మోగింది. మిషన్ నంబర్ చదివి ఎస్సై గారికి చెప్పాను. ఎంబసీ ఆయన ఈసారి తెలిసిన మనిషిలా మాట్లాడాడు. అక్కడి పోలీసులు ఆ మిషన్ దగ్గర నిన్నటి నుంచే కాపు కాస్తున్నారట.

ఎంత రేటు పడిందో నేను చూడలేదు.